పాళీకి నప్పే సిరా

కాపర్‌ప్లేట్ రాతకు వాడే సూదిమొన పాళీని వేలి బరువు పడకుండా కాగితం మీద నడిపిస్తే వచ్చే గీత మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లు. అదే పాళీని కిందికి లాగుతూ నొక్కితే రెండు కాళ్లూ విచ్చుకుని గీత 1.5 మిల్లీమీటర్ల దాకా లావెక్కుతుంది. ఒకే అక్షరంలో, సెకను కూడా పట్టని వ్యవధిలో, సిరా ఏడెనిమిది రెట్లు ఎక్కువగా దిగాలి. పైకి వెళ్లే సన్నగీత దగ్గరికి వచ్చేసరికి అంతే చప్పున తగ్గాలి. ఫౌంటెన్ పెన్నులో ఈ సంగతి నాలుక చూసుకుంటుంది. ముంచి రాసే పాళీకి నాలుక లేదు, సిరా దాచుకునే గొట్టం లేదు. ఒక చీలిక, దాని పైన చిన్న కన్నం, అంతే. కాబట్టి ప్రవాహాన్ని అదుపు చేసే పనిలో సగం సిరా నెత్తినే పడుతుంది.

సాధనకు సిరా కొనేవాళ్లు సాధారణంగా ముందు రంగు చూస్తారు. నా లెక్కలో ఆఖరున చూడాల్సింది అది. ఒరవడి దిద్దేవాళ్లకు కావలసింది నిన్న ఎలా దిగిందో ఇవాళా అలాగే దిగే సిరా. అది లేకపోతే గీతలో వచ్చిన తప్పు చేతిదో సిరాదో తేలదు. తేలనప్పుడు అందరూ చేతినే తిట్టుకుంటారు.

చిక్కదనం లెక్క

సన్నటి చీలికలో ద్రవం ఎంత దిగుతుందన్నది చీలిక వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాళ్లు రెండింతలు విచ్చుకుంటే దిగగలిగే సిరా 8 రెట్లు. కొద్దిపాటి ఒత్తిడికే గీత అంత తేలిగ్గా లావెక్కడానికి ఇదీ ఒక కారణం. చిక్కదనం విషయంలో లెక్క తిరగబడుతుంది. సిరా రెండింతలు చిక్కబడితే ప్రవాహం సగానికి పడిపోతుంది.

కాగితంలోకి పాకడానికి వేరే సూత్రం ఉంది. నారల మధ్య సందుల్లో ద్రవం పాకే దూరం చిక్కదనం వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. ఎడ్వర్డ్ వాష్‌బర్న్ 1921లో ప్రచురించిన సూత్రం ఇది. దీని ప్రకారం చిక్కదనం రెండింతలు చేసినా పాకే దూరం 71 శాతం దగ్గరే ఆగుతుంది, సగం కాదు. సగానికి తేవాలంటే సిరాను నాలుగింతలు చిక్కబరచాలి. ఈలోగా చీలికలోంచి దిగే సిరా పావు వంతుకు పడిపోయి, పాళీ గీతగీతకూ మొరాయిస్తుంది.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఒక మాట ఖాయంగా చెప్పొచ్చు. సిరా కాగితం మీద పాకుతోందని అందులో బంక కలుపుకుంటూ పోవడం దండగ. ఆ జబ్బుకు మందు వేరే కాగితం. బంక పనికొచ్చేది పాళీ ముంచి ఆనించగానే మొదటి అక్షరం మీద బొట్టు కక్కినప్పుడు. పాళీ నిండా సిరా ఉన్నా గీత మధ్యలో తెగిపోతుంటే నీళ్లు కలపాలి. పాకితే కాగితం మార్చు, కక్కితే బంక వెయ్యి, తెగితే నీళ్లు పొయ్యి. సిరా గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ మూడింటిని ఒకదానికొకటి అనుకోవడం వల్ల వచ్చేవే.

పాళీ కొత్తదైతే ఏ సిరా మీదా తీర్పు చెప్పకండి. తుప్పు పట్టకుండా దాని మీద నూనెలాంటి పూత పూసి అమ్ముతారు. ఆ పూత ఉన్నంతసేపూ సిరా తామరాకు మీది నీళ్లలా ముత్యాలు కడుతుంది. మెత్తటి గుడ్డ మీద కాస్త టూత్‌పేస్టు వేసి రుద్ది కడిగితే చాలు. కొందరు అగ్గిపుల్ల వెలిగించి మంటలో చూపిస్తారు. రెండు సెకన్లు దాటితే ఉక్కు పదును పోయి స్ప్రింగు గుణం చచ్చిపోతుంది కాబట్టి ఆ పద్ధతి నాకు నచ్చదు.

మే నెల మధ్యాహ్నం

ఇంగ్లండ్, అమెరికా పుస్తకాల్లో 'ఇన్ని చుక్కల నీళ్లు, ఇన్ని చుక్కల బంక' అని రాసేవన్నీ దాదాపు 20 డిగ్రీల సెల్సియస్ గదిలో కుదిరిన పాళ్లు. ఆ వేడి దగ్గర నీటి చిక్కదనం 1 సెంటీపాయిజ్. 40 డిగ్రీల దగ్గర అది 0.65కు దిగిపోతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో కూర్చుని రాసేవాళ్లకు, నీళ్లలా పల్చగా ఉండే సిరా చీలికలోంచి ఒకటిన్నర రెట్లు జోరుగా దిగుతుంది. కాగితంలో ఐదో వంతుకు పైగా ఎక్కువ దూరం పాకుతుంది. డిసెంబరులో కుదిరిన పాళ్లు ఎండాకాలంలో కుదరకపోవడంలో వింతేమీ లేదు.

దీనికి ఎదురుగా పనిచేసేది ఇంకొకటుంది, ఆవిరి. సిరాబుడ్డి మూతి 3 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. పైభాగం 7 చదరపు సెంటీమీటర్లు. ఫ్యాను గాలికి గంటకు అర మిల్లీమీటరు మందం ఆవిరైతే 0.35 మిల్లీలీటర్ల నీళ్లు పోయినట్టు. బుడ్డిలో 5 మిల్లీలీటర్లే పోసుకుంటే అందులో ఇది 7 శాతం. పోయేది నీళ్లు ఒక్కటే, బంకా రంగూ అక్కడే ఉంటాయి. అందుకే వేసవిలో మనం రాయడానికి కూర్చోగానే సిరా బొట్లు కక్కి, గంట తిరిగేసరికి తెగడం మొదలుపెడుతుంది. మూతి 2 సెంటీమీటర్లున్న చిన్న బుడ్డి వాడితే నష్టం సగానికి తగ్గుతుంది. తగ్గిన నీళ్లను తిరిగి పోయడానికి బళ్లో వాడిన ఇంకు ఫిల్లరే సాధనం. దాంతో 20 చుక్కలు సుమారు 1 మిల్లీలీటరు. 0.35 మిల్లీలీటర్లంటే 7 చుక్కలు. బోరు నీళ్లు మాత్రం వద్దు, వాటిలో సున్నమూ ఉప్పూ ఎక్కువ. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు.

'లక్ష్మి' రాసి చూడండి

కాగితం బరువును జీఎస్‌ఎంలో, అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, చెబుతారు. జెరాక్సు కాగితం 70, 75. మంచి ప్రాక్టీసు కాగితం 80 నుంచి 120. సిరా పాకుతుందా లేదా అన్నది ఈ అంకె చెప్పదు. కాగితానికి తయారీలో పట్టించిన గంజిలాంటి పూత, నునుపు చెబుతాయి. పూత బాగున్న 80 జీఎస్‌ఎం కాగితం, పూత సరిలేని 120 జీఎస్‌ఎం డ్రాయింగు షీటు కంటే ఎంతో నయం.

పరీక్షకు 'లక్ష్మి' మంచి మాట. ప్రధాన అక్షరం 6 మిల్లీమీటర్ల ఎత్తులో రాస్తే కింది మ-వత్తు 3 మిల్లీమీటర్లకు మించదు. అందులో చుట్ట లోపలి ఖాళీ 0.8 మిల్లీమీటర్లు దక్కితే గొప్ప. గీతకు రెండు వైపులా సిరా 0.2 చొప్పున పాకిందంటే మిగిలేది 0.4. ఇంకాస్త పాకితే చుట్ట పూడుకుపోయి నల్లటి బొట్టవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో 'ఈ' కడుపు ఒక్కటి పూడితే సర్దుకోవచ్చు. మన ఘ, ఝ, ఱ, వత్తులతో నిండిన వాక్యానికి ఆ వెసులుబాటు లేదు. సూదిమొన పాళీతో తెలుగు సాధన చేసేవాళ్లు సిరా కంటే ముందు కాగితం మీద డబ్బు పెట్టాలన్నది నా సలహా. వెడల్పు పాళీతో రాసేవాళ్లకు బెంగ తక్కువ. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ నేర్పిన ఫౌండేషనల్ రాతలో అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు 4 రెట్లు. 2 మిల్లీమీటర్ల పాళీకి 8 మిల్లీమీటర్ల అక్షరం వస్తుంది కాబట్టి లోపలి ఖాళీలు విశాలంగా ఉంటాయి. అదే కొలతను తెలుగు అక్షరాలకూ పెట్టి మొదలుపెట్టవచ్చు.

సీసాల దగ్గరికి వస్తే

ఊళ్లో పుస్తకాల షాపులో దొరికేది ఫౌంటెన్ పెన్ ఇంకు. కెమెల్, బ్రిల్ లాంటివి. కెమెల్ వెనక ఉన్న కామ్లిన్ 1931లో దండేకర్ కుటుంబం ముంబైలో మొదలుపెట్టిన వ్యాపారం, తొలి సరుకు సిరా పొడి, సిరా మాత్రలు. ఈ ఇంకు అంటే నీళ్లలో కరిగిన రంగు. నాలుక ఉన్న పెన్నులో ఆగకుండా పారేలా చేసింది కాబట్టి ముంచే పాళీ మీద నిలవదు, కక్కుతుంది. అరబిక్ గమ్ దీనికి విరుగుడు. మన తుమ్మ బంకకు దగ్గరి చుట్టం అది. ఒక వంతు గమ్ పొడిని తూకంలో రెండు వంతుల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, బూజు పట్టకుండా ఒక లవంగం వేసుకోవాలి. 5 మిల్లీలీటర్ల ఇంకుకు ఈ ద్రావణం 3 చుక్కలతో మొదలుపెట్టండి. అంటే 3 శాతం. చాలకపోతే ఒక్కో చుక్క పెంచండి. ఒక్కసారిగా పది చుక్కలు పోస్తే వెనక్కి తీయలేరు. వెడల్పు పాళీ సాధనకు ఇది బాగానే ఉంటుంది. సూదిమొనకు సన్నగీతలు వెలవెలబోతాయి.

సుమీ సిరా జపాన్‌ది. మసి, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు, ప్రధానంగా రెండే సరుకులు. కడ్డీలుగా చేసే సుమీలో సంప్రదాయ పాళ్లు తూకంలో 10 మసికి 6 జిగురు. నారా పట్టణం దీనికి పెట్టింది పేరు. సాధనకు సీసాలో పోసి అమ్మే రకం చాలు. నలుపు చిక్కగా ఉంటుంది, వెలిసిపోదు, పాళీని తినదు. సన్నగీత ఎంత సన్నగా ఉన్నా కంటికి ఆనుతుంది కాబట్టి చెయ్యి వణికిన చోటల్లా దొరికిపోతుంది. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? సీసాలోంచి తీసినది తీసినట్టు వాడితే చాలా రకాలు చిక్కగా ఉంటాయి. 3 వంతుల సుమీకి 1 వంతు నీళ్లతో మొదలుపెట్టి, సన్నగీత తెగకుండా, లావుగీత బూడిదరంగుకు దిగకుండా ఉండే చోట ఆగాలి. మసి కరిగేది కాదు, తేలేది. కూర్చునే ముందు సీసాను మెల్లగా తిప్పకపోతే పైన పల్చన, అడుగున ముద్ద. పాళీ మీద ఎండితే పొరలు కడుతుంది కాబట్టి రెండు మూడు వరుసలకోసారి తడిగుడ్డతో తుడవాలి.

వాల్‌నట్ సిరా గోధుమరంగుది. స్ఫటికాలుగా అమ్మేదాంట్లో అక్రోటు తొక్క ఉండేది అరుదు, ఎక్కువగా పీట్ లాంటి మట్టి నుంచి తీసిన రంగు. పేరుతో పనేముంది, గుణం మంచిది. కాస్త పారదర్శకంగా ఉండటంతో గీత మీద గీత ఎక్కడ ఎక్కిందో, సిరా ఎక్కడ మడుగు కట్టిందో ఎండాక ముదురు మచ్చగా కనబడుతుంది. సుమీ దాచేసే తప్పులను ఇది చూపిస్తుంది. బుడ్డిలో ఎండిపోయినా నాలుగు చుక్కల నీళ్లు పోస్తే మళ్లీ కరుగుతుంది.

ఇండియా ఇంకు, యాక్రిలిక్ ఇంకు సాధనకు వద్దు. మొదటిదాన్ని చాలామట్టుకు లక్కతో, రెండోదాన్ని ప్లాస్టిక్ జిగురుతో కడతారు. ఎండితే నీళ్లకు లొంగవు, పాళీ చీలికలో గడ్డకడతాయి. పోస్టర్‌కో తడి తగిలే పనికో అవి కావాలి, రోజూ దిద్దుకోవడానికి కాదు. గువాష్ రంగు వెడల్పు పాళీకి అద్భుతం. అయితే కూర్చున్న ప్రతిసారీ కొత్తగా కలుపుకోవాలి. మొదటి ఏడాది దాని జోలికి పోకపోయినా నష్టం లేదు.

ఎంత కొనాలో కూడా లెక్కేద్దాం. కాపర్‌ప్లేట్‌లో చిన్న అక్షరం 6 మిల్లీమీటర్లు, పైకొమ్ము 9, కిందితోక 9 పెడితే వరుసకు 24 మిల్లీమీటర్లు. అంచులు పోగా ఏ4లో 10 వరుసలు. వరుసకు 25 అక్షరాలు, అక్షరానికి 30 మిల్లీమీటర్ల గీత, సగటు మందం 0.5, తడి పొర 0.03 అనుకుంటే పేజీకి పట్టే సిరా 0.11 మిల్లీలీటర్లు. రెండు చుక్కలు! తుడవడానికీ కడగడానికీ ఇంకో రెండు పోయినా 30 మిల్లీలీటర్ల సీసా 130 పేజీలు దాటి వస్తుంది. పైసలు ఆదా చేయాలని నాసిరకం సిరా కొనడంలో అర్థం లేదు. రకానికొకటి చొప్పున ఆరు సీసాలు కొనడంలో అసలే లేదు. ఒక సుమీ, లేదా ఒక వాల్‌నట్. మొదటి మూడు నెలలకు అంతే.

కరక్కాయ, అన్నభేది

సన్నగీతల్లో రాజు మాత్రం ఇనుప సిరానే. ఓక్ చెట్ల మీద కందిరీగలు గుడ్లు పెట్టిన చోట మొలిచే మాచికాయల్లోని టానిన్, ఇనుము, బంక కలిపి చేసేది. నాలుగో శతాబ్దపు బైబిల్ ప్రతి కోడెక్స్ సైనైటికస్ మొదలు 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన దాకా దీనితోనే రాశారు. రాసేటప్పుడు పాలిపోయి ఉంటుంది. గాలి తగిలి ఇనుము ఆక్సీకరణం చెందుతున్నకొద్దీ కళ్లముందే నల్లబడుతుంది.

అంత సన్నగా ఎలా దిగుతుందో దాని పాళ్లే చెబుతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ 1940లో సిరాల మీద వెలువరించిన సర్క్యులర్‌లో లీటరు రికార్డు సిరాకు టానిక్ ఆమ్లం 23.4 గ్రాములు, గాలిక్ ఆమ్లం 7.7, ఫెర్రస్ సల్ఫేట్ 30. కలిపితే 61 గ్రాములు. కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కార్బాలిక్ ఆమ్లం, రంగు పోగా మిగతాదంతా నీళ్లే. అసలు ఇనుము 6 గ్రాములు మాత్రమే. మసి రేణువులు లేవు, చీలికకు అడ్డం పడేదేమీ లేదు. నలుపంతా కాగితం మీదికి వచ్చాక పుట్టేదే.

ఈ రసాయనం మనకు పరాయిది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత ఇదే. అక్కడ బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి పులియబెట్టిన ద్రవాన్ని వెదురు కలానికి చుట్టిన గుడ్డ పీల్చుకుంటుంది. వేళ్లతో ఆ గుడ్డను నొక్కుతూ గీస్తుంటే, కలంలో అంతంత మాత్రంగా ఉన్న రంగు బట్టను తాకి నల్లగా తేలుతుంది. సీసాలో కలిసి ఉండే ఇనుమూ టానినూ ఇక్కడ బట్ట మీదే కలుసుకుంటాయి. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. కాగితానికి పూత చేసే పనే అది.

ఇంట్లో చేసుకోదలిస్తే లెక్క సులువే. కరక్కాయ పెచ్చుల్లో టానిన్లు సుమారు 30 శాతం. పచారీ కొట్టులో దొరికే పొడి 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి, గట్టిగా వడకడితే 3 గ్రాములకు లోపు టానిన్ దిగుతుంది. పై అమెరికా పాళ్లలో టానిన్, గాలిక్ కలిపి 100 మిల్లీలీటర్లకు 3.1, ఫెర్రస్ సల్ఫేట్ 3. కరక్కాయలోదంతా నీళ్లలోకి రాదు కాబట్టి ఫెర్రస్ సల్ఫేట్‌ను 2 గ్రాములకు తగ్గించండి. ఇనుము మిగిలిపోతే ముప్పు, ఆమ్లంతో కలిసి ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది. పాత ప్రతుల్లో అక్షరాలున్న చోట చిల్లులు పడింది అలాగే. ఫెర్రస్ సల్ఫేట్ అంటే అన్నభేది. బత్తాయి తోటలకూ వరి నారుమళ్లకూ ఇనుము లోపానికి పిచికారీ చేసేదే, ఎరువుల దుకాణంలో ఉంటుంది. లేతాకుపచ్చ స్ఫటికాలే తీసుకోండి. పసుపు గోధుమ రంగుకు తిరిగినవి అప్పటికే గాలికి పాడైనవి. ఆఖరున గమ్ ద్రావణం 3 మిల్లీలీటర్లు.

ఇందులో ఆమ్లం కలపలేదు కాబట్టి రోజులు గడిచేకొద్దీ సీసాలోనే నల్లబడి అడుగున మడ్డి చేరుతుంది. 100 మిల్లీలీటర్లకు మించి ఒకేసారి చేయకండి, మళ్లీ వడకట్టి వాడండి. మరక బట్టకు పట్టిందంటే కలంకారీ అద్దకం పట్టినట్టే, సబ్బుకు పోదు. అన్నభేది పిల్లల నోట్లో పడితే ప్రమాదం, సీసా మీద పేరు రాసి పైఅరలో పెట్టండి. పాళీ ఉక్కును ఈ సిరా తింటుంది, రాయడం అయిపోగానే నీళ్లలో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. రాజమండ్రి రత్నం పెన్ను ఇంట్లో ఉంటే అందులో మాత్రం పోయకండి. ఇంట్లో చేసిన సిరా మడ్డి నాలుక గాళ్లలో చేరితే తీయడం కష్టం.